తాళమే పాటైన రికార్డు



డి.ఏ. బకాయిల గురించో, వైద్య బిల్లుల గురించో రాయవలసిన ఈ ప్రత్యేక సంచికలో ఒక అమెరికన్ డ్రమ్ముల వాద్యకారుని గురించి రాస్తున్నానేమిటని విసుక్కోకండి. చివరిదాకా చదివితే సంబంధమేమిటో మీకే తెలుస్తుంది.

నేను ముప్పై నాలుగేళ్లు ఖజానా శాఖలో గుమాస్తాగా పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. రాక్ సంగీతమంటే చెవులు మూసుకునేవాణ్ణి. 2019లో మా అమ్మాయి దగ్గరకు కాలిఫోర్నియా వెళ్లినప్పుడు అల్లుడుగారు కారులో ఒక రికార్డు పెట్టారు. ఏవేవో దేశాల డ్రమ్ముల నడుమ స్పష్టంగా ఘటం వినిపించింది. త్యాగరాజ ఆరాధనోత్సవాలలో వినే ఘటానికి ఇక్కడేం పని అని ఆశ్చర్యపోయి అడిగాను. అది 1991లో రైకోడిస్క్ సంస్థ విడుదల చేసిన ‘ప్లానెట్ డ్రమ్’ అని, చేసినవారు ‘గ్రేట్‌ఫుల్ డెడ్’ అనే రాక్ బృందంలోని మిక్కీ హార్ట్ అని చెప్పారు.

హార్ట్ 1943లో న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో పుట్టారు. తల్లిదండ్రులిద్దరూ డ్రమ్ము వాయించినవారే. శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో 1965లో మొదలైన ఆ బృందంలో ఆయన 1967లో చేరారు. అప్పటికే బిల్ క్రూట్జ్‌మన్ అనే డ్రమ్మర్ ఉన్నారు. ఇద్దరూ జోడెద్దుల్లా కలిసి నడిచారు. తబలా విద్వాంసులు ఉస్తాద్ అల్లారఖా దగ్గర హార్ట్ మన తాళాల లెక్కలు నేర్చుకున్నారు.

తరువాత వచ్చింది కష్టకాలం. హార్ట్ తండ్రి లెన్నీ ఆ బృందానికి మేనేజరుగా ఉండి, 1970లో పెద్ద మొత్తం స్వాహా చేసి కనిపించకుండా పోయారు. తరువాత పట్టుబడి జైలుకు వెళ్లారు. కొడుకుకు ఆ పాపంలో భాగం లేదని బృందంలో అందరికీ తెలుసు. అయినా తలెత్తుకోలేక ఆయన 1971 ఫిబ్రవరిలో బృందం విడిచి వెళ్లిపోయారు.

నొవాటోలోని తన పొలంలో, కొట్టంలో కట్టుకున్న రికార్డింగు గదిలో ఆయన కాలం గడిపారు. 1972లో ‘రోలింగ్ థండర్’ పేరుతో తొలి సొంత రికార్డు తెచ్చారు. అందులో అల్లారఖా, ఆయన కుమారుడు జాకీర్ హుస్సేన్ వాయించారు. 1976లో జాకీర్‌తో కలిసి ‘డిగా’ అనే రికార్డు చేశారు. 

‘ప్లానెట్ డ్రమ్’ ఆ సాధనకు పండిన ఫలం. అందులో గిటారు లేదు. ఉన్నవన్నీ చర్మం, కర్ర, లోహం, మట్టి, నడుమ కొంత మనిషి గొంతు. జాకీర్ తబలా, విక్కు వినాయకరామ్ ఘటం, బ్రెజిల్ దంపతులు ఐర్టో మొరీరా, ఫ్లోరా పురిమ్, నైజీరియాకు చెందిన బాబాతుండే ఒలతుంజీ, సికిరు అడెపోజు అందులో పాలుపంచుకున్నారు. అడెపోజు వాయించేది మాట్లాడే డ్రమ్ము. మన బుడబుక్కలవాడి ఢమరుకంలా నడుము సన్నగా ఉంటుంది. చంకలో పెట్టి తాళ్లు నొక్కితే స్వరం పైకి పోతుంది, వదిలితే కిందికి దిగుతుంది. ఘటానికి ఆ సదుపాయం లేదు. మూతిని పొట్టకు ఆనించడంలో, తీయడంలోనే దాని గంభీరమంతా ఉంది. ఈ రెండూ ఒకదానికొకటి జవాబు చెప్పుకోవడం ఈ రికార్డులో వినవలసిన ముచ్చట. ఎవరూ ఎవరి మీదా పెత్తనం చేయరు.

ప్రపంచ సంగీతానికి గ్రామీ పురస్కారం కొత్తగా పెట్టినప్పుడు, 1992లో తొలి బహుమతి దీనికే దక్కింది. ఒలతుంజీ 2003లోను, జాకీర్ 2024 డిసెంబరు 15న శాన్‌ఫ్రాన్సిస్కోలోను కన్నుమూశారు. ఆ వార్త చదివిన రాత్రి రికార్డు మళ్లీ మొదటినుంచి విన్నాను.

మనబోటివారికి సంబంధించిన సంగతి మరొకటి ఉంది. అదే 1991 ఆగస్టులో హార్ట్ అమెరికా సెనేట్‌లో వృద్ధుల వ్యవహారాల ప్రత్యేక సంఘం ముందు హాజరై, సమూహంగా డ్రమ్ము వాయించడం వయసు మళ్లినవారికి ఎంత మేలు చేస్తుందో చెప్పారు. మతిమరుపు ముదిరి మాట పోయిన తన నాయనమ్మో అమ్మమ్మో, ఆ పెద్దామె, తాను డ్రమ్ము వాయించగానే తన పేరు పలికిందని ఆయన చెప్పుకున్నారు.

ఇక నా మనసులో మెదిలే మాట. నేను పనిచేసిన ఒక కార్యాలయంలో పెద్ద గుమాస్తా ఒకరు సర్కారు సొమ్ము వాడుకుని పట్టుబడ్డారు. ఆయన కుమారుడు మా పక్క సెక్షనులోనే పనిచేసేవాడు. క్యాష్‌బుక్కులో ఒక్క కొట్టివేత ఎరగని మనిషి. మరుసటి వారం నుంచి మధ్యాహ్నం ఒంటరిగా క్యారేజీ విప్పుకోవడం మొదలుపెట్టాడు. మూడు నెలల్లో దూరపు జిల్లాకు బదిలీ అడిగి వెళ్లిపోయాడు. మేము వెళ్లమనలేదు. ఉండమని కూడా అనలేదు. ఆ రెండో మాట అనకపోవడం నేటికీ నాకు ముల్లులా గుచ్చుకుంటుంది.

హార్ట్ వెళ్లాక ఆ బృందం రెండో డ్రమ్మర్‌గా మరొకరిని తీసుకోలేదు. 1974 అక్టోబరులో ఒక రాత్రి ఆయన మళ్లీ వచ్చి కచేరీలో కూర్చున్నారు. ఆ తరువాత 1995లో బృందం ముగిసేవరకూ వారితోనే ఉన్నారు. ‘ప్లానెట్ డ్రమ్’ చేసింది అలా తిరిగి వచ్చిన మనిషే.

ఆ సహోద్యోగి కూడా ఈపాటికి పింఛను తీసుకుంటూ ఉండాలి. ఈ సంచిక ఆయన చేతికి అందితే, మన సంఘం నెలవారీ సమావేశానికి తప్పక రావలసిందిగా నా మనవి. నా పక్క కుర్చీ అట్టే పెట్టి ఉంచుతాను.

సెలవు.