చెడిపోయిన ఫోర్క్‌లిఫ్టును కదిలించడం, పైకెత్తడం

ఫోర్క్‌లిఫ్టు నడవాల్సిన చోట నడవక ఆగిపోతే దాన్ని పక్కకు చేర్చడం, అడుగున పని చేయడానికి వీలుగా పైకి లేపి నిలపడం మామూలు వాహనాల మరమ్మతుకు భిన్నమైన పని. రేణిగుంట మండలంలోని కరకంబాడి బ్యాటరీ కర్మాగారంలోనూ, విమానాశ్రయం దగ్గరి ఎలక్ట్రానిక్స్ తయారీ క్లస్టర్‌లోనూ, ఇతర గోదాముల్లోనూ సరుకు ఎత్తి దించే పని నడుస్తూనే ఉంటుంది. ఇలాంటి చోట ఇరుకు దారిలో ఒక బండి మొరాయిస్తే వెనక వచ్చేవన్నీ ఆగిపోతాయి. ఆ తొందరలోనే ప్రమాదాలు జరుగుతాయి.

ఫోర్క్‌లిఫ్టు చూడడానికి చిన్నదే, తూకానికి కాదు. 3 టన్నులు ఎత్తే డీజిల్ బండి తానే 4 టన్నులకు పైగా తూగుతుంది. ముందు ఫోర్కుల మీద పడే సరుకుకు సరితూగేలా వెనక పోతపోసిన ఇనుప కౌంటర్‌వెయిట్ ఉండడమే దీనికి కారణం. ఖాళీగా ఉన్నప్పుడు బరువులో దాదాపు 60 శాతం వెనక ఇరుసు మీదే ఉంటుంది. నిండు సరుకు ఎత్తగానే లెక్క తలకిందులై, మొత్తంలో సుమారు 90 శాతం ముందు చక్రాల మీదికి వస్తుంది. అందుకే కారు జాకీ అనుభవం ఇక్కడ పనికిరాదు. సాటి 3 టన్నుల ఫోర్క్‌లిఫ్టుతో చెడిపోయినదాన్ని ఎత్తించాలనుకోవడం కూడా తప్పే. ఎత్తాల్సిన బండి ఎత్తే బండి శక్తికి మించి తూగుతుంది.

బండి ఆగిపోయినప్పుడు ఫోర్కుల మీద సరుకు ఉంటే ముందు దాన్ని దించాలి. ఇంజను ఆగినా చాలా బండ్లలో దించే లీవరుతో మాస్టు తన బరువుకే కిందికి దిగుతుంది. అలా దిగకపోతే కంట్రోల్ వాల్వు దగ్గర చేత్తో తిప్పి దించే మర ఉందేమో ఆ బండి పుస్తకంలో చూడాలి. నూనె గొట్టం బిగింపు వదులు చేసి దించడం అనుభవజ్ఞులు కూడా చేసే పొరపాటు. ఒత్తిడిలో ఉన్న నూనె సన్నని ధారగా చిమ్మితే చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. కారే చోటు వెతకడానికి చెయ్యి కాదు, అట్టముక్క వాడాలి. ఫోర్కులు నేలను తాకినంత మాత్రాన మాస్టు పూర్తిగా దిగినట్టు కాదు. మాస్టు ఎక్కడైనా ఇరుక్కుంటే గొలుసులు వదులై వేలాడుతాయి, ఆ ఇరుకు ఏ క్షణాన వీడినా మాస్టు ఒక్కసారిగా జారుతుంది. కాబట్టి గొలుసులు బిగువుగా ఉన్నాయో లేదో చూశాకే దగ్గరికి వెళ్లాలి.

వీలైతే ఉన్నచోటనే బాగుచేయడం మంచిది. చుట్టూ అడ్డు కట్టి, సమతల నేల అయితే అక్కడే పని ముగించవచ్చు. తప్పనిసరిగా కదిలించాల్సి వస్తే, కౌంటర్‌వెయిట్ వెనకభాగంలోని డ్రాబార్ పిన్నుకు గట్టి ఇనుప బారు తగిలించి లాగాలి. తాడు లాగగలదు గానీ ఆపలేదు, ముందు బండి ఆగితే వెనకది వచ్చి గుద్దుతుంది. ఇంజను నడవకపోతే స్టీరింగు బరువెక్కుతుంది, బ్రేకుకు దొరికే సాయం పోతుంది. మనిషి నడక వేగం దాటకూడదు. లాగేది చెడిన బండి కంటే తేలిక కాకూడదు. లోడింగ్ డాక్ వాలు మీద ఈ పని పెట్టుకోకూడదు. టార్క్ కన్వర్టర్ బండ్లలో ఇంజను తిరగనిదే ట్రాన్స్‌మిషన్‌కు నూనె అందదు కాబట్టి న్యూట్రల్‌లో పెట్టి కొద్ది దూరమే లాగాలి. చాలా ఎలక్ట్రిక్ బండ్లలో విద్యుత్తు పోగానే స్ప్రింగు బ్రేకు దానంతటదే పట్టేస్తుంది. దాన్ని విడిపించకుండా లాగితే టైర్లు అరుగుతాయి. గేరుపెట్టె బిగుసుకుపోయినప్పుడు ముందు చక్రాల కింద రోలర్ స్కేట్లు పెట్టడమో, హైడ్రా పిలిపించడమో మార్గం.

హైడ్రా అని అందరూ పిలిచే ఆ క్రేనుకు రాసి ఉన్న టన్నులు బూమ్ దగ్గరగా ముడిచి ఉన్నప్పటివి. చేయి చాచేకొద్దీ శక్తి తగ్గుతుంది. బెల్టులు తగిలించాల్సింది తయారీదారు గుర్తు పెట్టిన చోట్ల మాత్రమే. డ్రైవరు తలమీది గార్డు చూడడానికి దిట్టంగా ఉంటుంది, కానీ అది పైనుంచి పడేవాటిని ఆపడానికే తప్ప బండిని వేలాడదీయడానికి కాదు. 2025 నవంబరు వరకు అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టంలోని 29వ సెక్షన్ ఎత్తే యంత్రాలు, గొలుసులు, తాళ్లను కనీసం 12 నెలలకొకసారి అర్హుడైన వ్యక్తి క్షుణ్ణంగా పరీక్షించాలని నిర్దేశించింది.

జాకీ పెట్టే నేల గురించి తక్కువ మంది ఆలోచిస్తారు. రేణిగుంట ఎండల్లో మధ్యాహ్నం తారు మెత్తబడుతుంది. ఉదయం నిలిచిన జాకీ మూడు గంటలకు ఒకవైపు కుంగుతుంది. కాంక్రీటు దొరకకపోతే మందపాటి ఇనుప పలక పరచాలి. దిమ్మెలకు గట్టి చెక్క వాడాలి. సిమెంటు ఇటుకలు బరువు పడగానే పగిలిపోతాయి.

వెనక లేపేటప్పుడు జాకీని ఇరుసు కింద పెట్టకూడదు. స్టీరింగు ఇరుసు నడిమి కీలు మీద ఊగుతుంది, ఒక కొస లేపితే పైన బండి వంగిపోతుంది. కౌంటర్‌వెయిట్ కిందనో, ఛాసిస్ కిందనో తయారీదారు చూపిన చోట పెట్టాలి. ముందు లేపేటప్పుడు మరో చిక్కు ఉంది. చాలా బండ్లలో హ్యాండ్‌బ్రేకు పట్టేది ముందు చక్రాలనే. అవి గాల్లోకి లేవగానే బండిని ఆపేది ఏదీ ఉండదు. వెనక చక్రాలకు రెండు పక్కలా అడ్డుదిమ్మెలు పెట్టకపోతే బండి మెల్లగా జరిగి జాకీ మీది నుంచి దిగిపోతుంది. లేపుతున్న కొద్దీ దిమ్మెలు చేర్చుకుంటూ పోవాలి. కావలసిన ఎత్తు రాగానే జాకీని వదులు చేసి బరువంతా దిమ్మెల మీదికి దించాలి. జాకీ ఎత్తడానికే, మోయడానికి కాదు. తిరుపతిలోని రైల్వే క్యారేజ్ రిపేర్ షాపులో పెట్టెలను ఎత్తినా, అడుగున పని జరిగేది అవి గట్టి ఆధారాల మీద కూర్చున్నాకే.

బండిలోంచి ఏ బరువు తీసినా తూకం మారుతుంది. కౌంటర్‌వెయిట్ తీస్తే మాస్టు బరువుకు బండి ముందుకు వాలుతుంది. మాస్టు తీస్తే వెనకకు ఒరుగుతుంది. రెండు సందర్భాల్లోనూ ఆ వైపు ముందే దిమ్మెలు కట్టాలి. ఎలక్ట్రిక్ బండిలో బ్యాటరీయే కౌంటర్‌వెయిట్‌లో భాగం. 2 వోల్టుల సెల్లులు 24 కలిసిన 48 వోల్టుల సీసం బ్యాటరీ తరచు టన్నుకు అటూఇటూగా తూగుతుంది. దాన్ని ఎత్తే గొలుసు పైనున్న ధ్రువాలకు తగిలితే మెరుపులు లేస్తాయి, ఆ చుట్టూ హైడ్రోజన్ ఉండవచ్చు. గాలి టైరున్న చక్రం విప్పే ముందు గాలి పూర్తిగా తీయాలి. రెండు ముక్కల రిమ్ము నట్లు గాలితోనే విప్పితే ముక్కలు విసురుగా ఎగిరి మనిషిని చంపగలవు.

పని అయ్యాక లేపిన వరుసకు ఎదురు వరుసలో దించుతారు. చక్రాల నట్లు మళ్లీ బిగించి, ఖాళీ ఫోర్కులను రెండు మూడుసార్లు పూర్తిగా ఎత్తి దించి, బ్రేకు, స్టీరింగు చూశాకే సరుకు మోపుతారు.