పైకి దెబ్బ లేదు, లోపల మాత్రం చిరిగింది: అయోర్టా కథ

ఇవాళ మన ఒంట్లో అన్నిటికన్నా పెద్ద రక్తనాళం గురించి చెప్తాను. పేరు అయోర్టా, తెలుగులో బృహద్ధమని. ఈ టాపిక్ తీసుకోవడానికి కారణం మా బంగారుపాళ్యం రోడ్డే. చెన్నై, బెంగళూరు మధ్య తిరిగే లారీలు, సీజన్లో మామిడికాయల బండ్లు మా ఊరి మీదుగానే పోతాయి. దగ్గర్లోనే మొగిలి ఘాట్. 2024 సెప్టెంబర్‌లో అక్కడ జరిగిన బస్సు ప్రమాదం మీకు గుర్తుండే ఉంటుంది.

యాక్సిడెంట్ అయ్యాక "పైకి దెబ్బేం లేదు, బాగానే ఉన్నాడు" అంటాం కదా. ఆ మాట ఎందుకు నమ్మకూడదో చూద్దాం.

అయోర్టా గుండె నుంచి పైకి లేచి, గొడుగు పిడిలా వంగి, వెన్నెముక పక్కనే కిందికి దిగుతుంది. వంపు కొంచెం కదులుతుంది. దిగే భాగం వెన్నుకు అంటుకుని ఉంటుంది. బండి ఒక్కసారిగా ఆగితే గుండె, వంపు ముందుకు తోసుకుపోతాయి, కింది భాగం కదలదు. ఆ రెండూ కలిసే చోటే ఎక్కువగా చిరుగుతుంది.

ఇది కార్లతో పుట్టిన గాయం కాదు. 1557లోనే వెసాలియస్ అనే వైద్యుడు గుర్రం మీద నుంచి పడిన మనిషిలో దీన్ని గుర్తించాడు. కార్లు వచ్చాక కేసులు పెరిగాయి. 1958లో అమెరికాలో పార్మ్‌లీ బృందం ఇలాంటి 275 కేసులు పరిశీలించింది. 100కి 80 మందికి పైగా అక్కడికక్కడే పోయారు. మిగిలినవాళ్లను కాపాడింది నాళం బయటి పొర ఒక్కటే. అది కూడా ఎప్పుడు తెగుతుందో చెప్పలేం.

మొదట్లో వైద్యం అంటే ఛాతీ కోసి, రక్తం ఆపి, చిరిగిన చోట గుడ్డ గొట్టం కుట్టడమే. వెన్నుపాముకు రక్తం అందక కాళ్లు పడిపోయే ప్రమాదం ఉండేది. 1987లో ఖార్కివ్‌లో నికొలాయ్ వొలొదోస్ దారి మార్చాడు. ఛాతీ కోయకుండా, తొడ దగ్గరి నాళంలోంచి స్టెంట్ గ్రాఫ్ట్ పంపి, దెబ్బతిన్న చోటును లోపలి నుంచే కప్పేశాడు. ఇప్పుడు చాలా కేసుల్లో ఇదే పద్ధతి. ముందు మందులతో బీపీ తగ్గించి, ఆ పొర మీద ఒత్తిడి తగ్గిస్తారు.

కానీ ఇదంతా జరగాలంటే ముందు అనుమానం రావాలి. పైన గీత కూడా ఉండకపోవచ్చు, సీటీ స్కాన్‌లోనే తేలుతుంది. అందుకే గట్టిగా గుద్దుకుంటే 108కి ఫోన్ చేయండి. డాక్టర్‌కి నొప్పి ఒక్కటే చెప్పొద్దు; బండి ఎంత స్పీడులో ఉంది, ఛాతీ స్టీరింగ్‌కి తగిలిందా, సీటు బెల్టు ఉందా, అన్నీ చెప్పండి. స్కాన్ తీయాలా వద్దా అన్నది ఆ మాటల మీదే ఆధారపడొచ్చు.