ఆహారం, ఇంధనం: శరీరానికి, ఇంజనుకు శక్తి

మానవ శరీరము, మోటారు వాహనపు ఇంజను రెండూ ఇంధనంలోని రసాయన శక్తిని పనిగా మారుస్తాయి. శరీరానికి ఆహారమే ఇంధనం. ఇంజనుకు పెట్రోలు లేదా డీజిలు. రెండింటికీ గాలిలోని ఆమ్లజని కావాలి. రెండింటి నుండీ బొగ్గుపులుసు వాయువు, నీటి ఆవిరి వెలువడతాయి. ఫ్రెంచి శాస్త్రవేత్తలు లవోయిజర్, లాప్లాస్ 1782-83లో ఒక గినీ పందిని మంచు నింపిన పాత్రలో ఉంచి, దాని వేడికి ఎంత మంచు కరిగిందో కొలిచి, శ్వాసక్రియ నెమ్మదిగా జరిగే దహనమని తేల్చారు.

ఇంజనులో

పెట్రోలు ఆవిరి, గాలి కలిసిన మిశ్రమం సిలిండరులో నొక్కబడి, నిప్పురవ్వ తగలగానే మండుతుంది. ఉష్ణోగ్రత 2,000 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. వేడికి వ్యాకోచించిన వాయువులు పిస్టనును నెడతాయి. అనగా రసాయన శక్తి ముందు వేడిగా మారి, ఆ వేడిలో కొంత భాగమే పనిగా మారుతుంది.

శరీరంలో

జీర్ణమైన పిండిపదార్థం గ్లూకోజుగా మారి, రక్తం ద్వారా కణాలకు చేరుతుంది. అక్కడ ఎంజైముల సహాయంతో, 37 డిగ్రీల వద్దనే, మంట లేకుండా అంచెలంచెలుగా ఆక్సీకరణం చెందుతుంది. విడుదలైన శక్తిలో కొంత ఏటీపీ అనే పదార్థంలో నిలవ ఉంటుంది. కండరాలు వాడుకునేది దీనినే. 1929లో ఏటీపీని జర్మనీలో కార్ల్ లోమన్, అమెరికాలో సైరస్ ఫిస్క్, భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు వేర్వేరుగా కనుగొన్నారు.

శరీరం ఉష్ణయంత్రమా?

కాదు. ఉష్ణయంత్రపు దక్షతకు ఉష్ణోగ్రతల తేడాయే హద్దు అనే భావనకు 1824లో సాదీ కార్నో పునాది వేశాడు. శరీరం 37 డిగ్రీలు, పరిసరాలు 27 డిగ్రీలు అనుకుంటే ఆ హద్దు సుమారు 3 శాతమే. కండరాల దక్షత 20-25 శాతం వరకు ఉంటుంది. కనుక కండరం వేడి నుండి కాక, రసాయన శక్తి నుండి నేరుగా పని చేస్తుంది. మిగిలిన శక్తి వేడిగా మారి శరీరాన్ని వెచ్చగా ఉంచుతుంది.

ఇతర భేదాలు

* గ్రాము పిండిపదార్థం సుమారు 4, కొవ్వు 9, పెట్రోలు 10కి పైగా కిలోకేలరీలు ఇస్తాయి. లీటరు పెట్రోలులోని శక్తి ఒక మనిషి మూడు నాలుగు రోజుల ఆహారంలోని శక్తితో సమానం. అయినా పెట్రోలును జీర్ణం చేసుకొనే ఎంజైములు మనకు లేవు, అది విషం.
* ఆపిన ఇంజనుకు ఇంధనం అక్కరలేదు. నిద్రలో కూడా గుండె, మెదడు, ఊపిరితిత్తులు పని చేస్తూనే ఉంటాయి కనుక శరీరానికి శక్తి కావాలి. మిగులు ఆహారాన్ని శరీరం కొవ్వుగా దాచుకుంటుంది.
* ఆమ్లజని చాలనప్పుడు కండరంలో లాక్టిక్ ఆమ్లం, ఇంజనులో కార్బన్ మోనాక్సైడ్ తయారవుతాయి. ఈ వాయువు రక్తంలోని హీమోగ్లోబిన్‌ను పట్టుకొని ఆమ్లజనికి చోటు లేకుండా చేస్తుంది. అందుచేతనే మూసిన గదిలో వాహనాన్ని గాని, జనరేటరును గాని నడపరాదు.