తాతగారి రాయి

బాగల్‌కోటలో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో ఒక ఇంటి అప్పు దరఖాస్తు వచ్చింది. బాదామి దగ్గర తాతల నాడు కట్టిన ఇసుకరాయి ఇల్లు. ముందుగోడ పడగొట్టి సిమెంటు ఇటుకలతో కట్టుకుంటామని అడిగారు. ఇంటాయన మనవాడే, నాలుగు తరాల కిందట వలస వచ్చిన కుటుంబం. వెళ్లి చూశాను. రాతిని రుద్దించి నునుపు చేసి, మెరుపు కోసం వార్నిష్ కొట్టించారట. రెండు వానాకాలాలు గడిచేసరికి రాయి పొరలుపొరలుగా రాలుతోంది.

"తాతగారి రాయి మోసం చేసింది సార్" అన్నాడాయన.

నేను చదివింది కామర్స్. కాని ఆ ఊరిలో అదే రాయి పద్నాలుగు వందల ఏళ్లుగా నిలిచి ఉండగా ఈ గోడకేమొచ్చిందన్న ప్రశ్న నన్ను వదల్లేదు. ఆదివారాలు గుళ్లు చూస్తూ, పుస్తకాలు తిరగేస్తూ కొంత తెలుసుకున్నాను.

ఇసుక రేణువులు సిలికాతోనో, ఇనుప ఆక్సైడుతోనో, సున్నంతోనో, బంకమట్టితోనో అతుక్కుని గట్టిపడితే ఇసుకరాయి. అతుకును బట్టే నునుపు. మౌర్యుల శిల్పులు సన్నరేణువుల చునార్ రాయిని అద్దంలా మెరిపించారు. అన్ని ఇసుకరాళ్లూ అలా లొంగవు. బంకమట్టి అతుకైతే రుద్దేకొద్దీ రేణువులు ఊడతాయి. పైగా ఈ రాయి నీరు పీలుస్తుంది, ఆవిరిగా వదులుతుంది.

పాతవారు ఆ దారి మూయలేదు. క్రీ.శ. 578 నాటి మంగళేశుని శాసనమున్న బాదామి మూడో గుహలో రాతి మీద పూతవేసి రాసిన బొమ్మల ఆనవాళ్లున్నాయి. కంచి కైలాసనాథ ఆలయానికి అడుగున గ్రానైట్, పైన ఇసుకరాయి, దాని మీద సున్నపు గచ్చు. గ్రానైట్ చెమ్మను అంతగా పైకి ఎక్కనివ్వదు, సున్నం ఆవిరిని పోనిస్తుంది. 8వ శతాబ్దంలో కంచిని గెలిచిన రెండో విక్రమాదిత్యుడు ఆ గుడిలో కన్నడ శాసనం వేయించాడు. ఆ విజయానికి గుర్తుగా రాణి లోకమహాదేవి పట్టదకల్లులో విరూపాక్షాలయం కట్టించింది. అదీ ఇసుకరాయే. మన అలంపురం నవబ్రహ్మాలయాలూ ఆ చాళుక్యులవే.

ఈ గోడలో జరిగిందేమంటే, నేల చెమ్మ ఉప్పును మోసుకుని పైకెక్కింది. వార్నిష్ దాన్ని బయటికి పోనివ్వలేదు. ఉప్పు ఆ పొర వెనకే గడ్డకట్టి రాతి పైపెచ్చును ఊడదీసింది.

మళ్లీ వెళ్లి ఆయనకు ఇదే చెప్పాను. వార్నిష్ తీయించండి, రాయిని బాగా ఆరనివ్వండి, సందుల్లో సిమెంటు బదులు సున్నం పెట్టించండి. నీరు పీల్చకుండా చూడాలంటే పైన పొర కట్టకుండా లోపలికి ఇంకే సైలేన్-సిలోక్సేన్ మందు వాడండి, అదీ ముందు ఒక మూల రాతి మీద పరీక్షించాకే. యాసిడ్‌తో మాత్రం కడగవద్దు, సున్నపు అతుకుంటే కరిగిపోతుంది.

ఆయన దరఖాస్తులో 'కొత్త గోడ' కొట్టేసి 'గోడ మరమ్మతు' అని రాశారు. అప్పు మొత్తం బాగా తగ్గింది. ఆ ఏడాది మా శాఖ లక్ష్యానికి అది నష్టమే. గోడ మాత్రం తాతగారిదే మిగిలింది.