గోదావరి గట్టున ఇంగ్లీషు జాతీయాలు

1860లో నిజాం భద్రాచలం ప్రాంతాన్ని ఇంగ్లీషువారికి వదులుకోవడంతో గోదావరి రెండు పాలనలకు సరిహద్దయింది. ఎడమ గట్టు తొలుత సెంట్రల్ ప్రావిన్సెస్‌లో, 1874 నుంచి మద్రాసు ప్రెసిడెన్సీ గోదావరి జిల్లాలో ఉంది. కుడి గట్టున ఖమ్మం, పాల్వంచలు నిజాం కిందే ఉండిపోయాయి. అక్కడి కచేరీల్లో ఫారసీ, 1884 తర్వాత ఉర్దూ నడిచాయి. 1918లో వచ్చిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన ఉర్దూలోనే, ఇంగ్లీషు తప్పనిసరి పాఠ్యాంశం. అటువైపు తెలుగు పిల్లవాడు పై చదువుల ఇంగ్లీషు అందుకోవాలంటే ముందు ఉర్దూ దాటాలి.

ఎడమ గట్టున మొదట పరాయి నుడికారంతో తంటాలు పడింది ఇక్కడివాళ్లు కాదు, ఇంగ్లీషువాళ్లు. దుమ్ముగూడెం మిషనరీ జాన్ కెయిన్ భద్రాచలం, రేకపల్లి తాలూకాల గురించి ‘ఇండియన్ యాంటిక్వరీ’లో రాశాడు, 1881లో రాయల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో కోయల మీద వ్యాసం ప్రకటించాడు. తెలుగు నేర్చే దొరలకు అంతకుముందే ఒక ఆసరా దొరికింది. 1868లో మద్రాసులో కెప్టెన్ ఎం. డబ్ల్యూ. కార్ రెండు వేలకు పైగా తెలుగు సామెతలను ఇంగ్లీషు అర్థాలతో అచ్చువేయించాడు. ఇలా రెండు భాషలను పక్కపక్కన పెట్టే పద్ధతినే తర్వాత మన బడులు ఇంగ్లీషు జాతీయాలకు తిరగేసి వాడుకున్నాయి. పుటలో ఎడమవైపు ఇంగ్లీషు, కుడివైపు తెలుగు.

జోడీ కుదిరినచోట ఈ పద్ధతికి వంక పెట్టలేం. ‘వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్’ పక్కన ‘పుష్కరానికోసారి’ అని రాస్తే గోదావరి పిల్లలకు ఇక వివరణ అక్కర్లేదు. ‘బ్రేక్ ది ఐస్’ (మొహమాటం పోగొట్టి మాట కలపడం) దగ్గరే చిక్కు. మంచు గడ్డకట్టిన నదిని ఎరగని బడిలో దానికి బట్టీయే గతి, పరీక్ష అయ్యాక అదీ ఉండదు.

కోయ పిల్లల కష్టం వేరు. కుడివైపు రాసిన తెలుగు కూడా వాళ్లకు నేర్చుకున్న భాషే. కోయ గోండీకి దగ్గరి భాష; గోదావరి ఒడ్డున ఉండే గొమ్ము కోయల మాటకు స్టీఫెన్ టైలర్ రాసిన వ్యాకరణం 1969లో వెలువడింది. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మాతృభాషలో బోధన మొదలుపెట్టినప్పుడు ఎంచుకున్న ఎనిమిది భాషల్లో కోయ ఒకటి. వాచకాలు తెలుగు లిపిలో వచ్చాయి. ఆలస్యమైనా సరైన పని అది. 2022-23 నుంచి తెలంగాణ సర్కారు బడుల్లో ఇంగ్లీషు మాధ్యమం వచ్చింది. అందుకే కార్ తెలుగుకు చేసిన పనిని ఇప్పుడు కోయకు చేయాలి. గూడేల్లో పెద్దల నోట ఉన్న సామెతలను సేకరించి ఇంగ్లీషు జాతీయాల పక్కన అచ్చువేసే బాధ్యత భద్రాచలంలోని సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) తీసుకోవాలి.