సాహిత్య విద్యార్థికి తొలిపాఠం

సాహిత్యంలో అడుగుపెట్టే విద్యార్థి చేతికి మొదట ఏది ఇవ్వాలి? నిఘంటువా, వ్యాకరణమా, కవి జీవితమా, కావ్యమా? తెలుగునాట ఒక్కో తరం దీనికి ఒక్కో జవాబు చెప్పింది. ఆ జవాబుతో పాటే, ఏది సాహిత్యం, ఏది కాదన్న తీర్పు కూడా మారుతూ వచ్చింది.

కళాశాలలు రాకముందు సాహిత్య ప్రవేశం కంఠస్థంతో మొదలయ్యేది. పండితుని దగ్గర చేరిన పిల్లవాడు శబ్దమంజరి, అమరకోశం వల్లెవేసి రఘువంశంతో కావ్యాల్లోకి వెళ్లేవాడు. భారవి, మాఘుడు, శ్రీహర్షుడు ఆ తర్వాత. అలంకారశాస్త్రానికి కాకతీయుల ఆస్థానంలో విద్యానాథుడు రాసిన ప్రతాపరుద్రీయం ఉండేది. ఈ చదువు వ్యాఖ్యానం మీద నడిచింది. శ్లోకానికి అన్వయం చూపి, మాటమాటకూ అర్థం చెప్పి, సమాసం విప్పి, అలంకారం పేర్కొనే పద్ధతిని మెదక్ ప్రాంతపు కొలిచెలమకు చెందిన మల్లినాథసూరి వ్యాఖ్యలు దేశమంతటా స్థిరపరచాయి. నేటి పరీక్షల్లో కనిపించే ప్రతిపదార్థ తాత్పర్యాలు దీని వారసత్వమే. ఒక్క పద్యం దగ్గర నిలిచి ఓపికగా చదవడం నేర్పడంలో ఈ పద్ధతికి సాటి లేదు. అయితే ఇది కొద్ది కులాలకే అందిన చదువు.

వీధిబడి పరిస్థితి వేరు. మద్రాసు గవర్నరు మన్రో ఆదేశంపై బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823లో పంపిన నివేదిక ప్రకారం ఆ జిల్లాలో 533 బడులున్నాయి. పిల్లలు పద్యాలు అప్పజెబుతారు గాని, వాడుక మాటకు దూరమైన ఆ కావ్యభాష అర్థం వారికి తెలియదని ఆయన గమనించాడు. ఆ మాట అన్నవాడు తెలుగు రాని పరాయి అధికారి కాడు. 1816లో తెలుగు వ్యాకరణం అచ్చువేసినవాడు. ఆ పుస్తకపు పీఠికలోనే ఎల్లిస్ అనే మరో కంపెనీ అధికారి ద్రావిడ భాషల బంధుత్వాన్ని నిరూపించాడు.

క్యాంప్‌బెల్ వ్యాకరణం, 1812లో వెలసిన సెయింట్ జార్జి కోట కళాశాల, ఇవి రెండూ ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులకు భాష నేర్పడం కోసం పుట్టినవి. సి.పి. బ్రౌన్ ఆ అవసరాన్ని దాటి వెళ్లాడు. 1829లో వేమన పద్యాలను అచ్చువేయించాడు. జూలూరి అప్పయ్య పండితుని వ్యాఖ్యతో మనుచరిత్రను 1851లో వెలువరించాడు. అంతవరకు ఎక్కువగా గురువు నోటనే ఉన్న తెలుగు కావ్య వ్యాఖ్యానం అలా అచ్చులోకి వచ్చింది. మద్రాసులో తెలుగు పండితుడిగా ఉన్న చిన్నయసూరి నీతిచంద్రిక 1853లో, బాలవ్యాకరణం 1858లో వచ్చాయి. మద్రాసు విశ్వవిద్యాలయం 1857లో ఏర్పడింది. ఆపైన దశాబ్దాల పాటు తెలుగు చదవడమంటే సూరి సూత్రాలకు లొంగిన భాష రాయడమే అయింది.

ఆ శతాబ్దం చివరి భాగంలో చూపు కవి మీదికి మళ్లింది. గురజాడ శ్రీరామమూర్తి కవి జీవితములు, కందుకూరి వీరేశలింగం ఆంధ్ర కవుల చరిత్రము కాలక్రమాన్ని, శాసనాధారాన్ని, కృతిభర్తల వివరాలను చర్చలోకి తెచ్చాయి. పాఠానికి ముందు కవి పరిచయం రాసే అలవాటుకు మూలం ఇక్కడుంది.

విద్యార్థిని తీర్పరిగా నిలబెట్టిన పుస్తకం మాత్రం కట్టమంచి రామలింగారెడ్డి 1914లో ప్రకటించిన కవిత్వతత్త్వ విచారము. పింగళి సూరన కళాపూర్ణోదయం ఆధారంగా ఆయన కథన ఐక్యత, పాత్రపోషణ, భావనాశక్తి వంటి ప్రమాణాలను ముందుకు తెచ్చాడు. కథతో సంబంధం లేని ప్రబంధ వర్ణనలను నిలదీశాడు. పండితులు గట్టిగా ఎదిరించారు. ఆయన ప్రమాణాలు ఇంగ్లీషు చదువు నుంచి వచ్చినవే, ప్రబంధాలకు వాటితో పూర్తి న్యాయం జరగదు కూడా. అయినా పద్యం బాగుందనడానికి కారణం చెప్పి తీరాలన్న పట్టుదల తెలుగు తరగతికి ఈ పుస్తకంతోనే వచ్చింది. అదే 1914లో గురజాడ అప్పారావు వాడుక భాషను సమర్థిస్తూ మద్రాసు విశ్వవిద్యాలయపు తెలుగు కాంపోజిషన్ ఉపసంఘానికి తన అసమ్మతి పత్రం సమర్పించాడు. అప్పటికి గ్రాంథికానిదే పైచేయి. విశ్వవిద్యాలయాలు జవాబుపత్రాల్లో శిష్టవ్యావహారికాన్ని ఒప్పుకోవడానికి సుమారు మరో అర్ధశతాబ్దం పట్టింది.

1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన ఉర్దూలో సాగినా, తెలుగు శాఖను రాయప్రోలు సుబ్బారావు నడిపాడు. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి కట్టమంచే తొలి వైస్ చాన్సలర్. అక్కడ పింగళి లక్ష్మీకాంతం చేసిన బోధన తర్వాత ఆంధ్ర సాహిత్య చరిత్ర, సాహిత్య శిల్ప సమీక్ష గ్రంథాలుగా తరగతి గదులకు చేరింది. పూర్వ అలంకారశాస్త్రాన్నీ పాశ్చాత్య విమర్శనూ పక్కపక్కన పెట్టి చదివించిన తరం అది. 1968లో తెలుగు అకాడమీ స్థాపనతో కళాశాల పాఠ్యగ్రంథాలు తెలుగులో విరివిగా వచ్చాయి.

ఈ చరిత్రలో ఎవరికి చోటు దక్కలేదో చెప్పడానికి ముద్దుపళని ఉదంతం చాలు. తంజావూరు ఆస్థానపు ఈ 18వ శతాబ్ది కవయిత్రి రాధికా సాంత్వనాన్ని వీరేశలింగం అశ్లీలమని తప్పుపట్టాడు. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ దాన్ని పరిష్కరించి అచ్చువేయిస్తే ప్రభుత్వం నిషేధించింది. స్వాతంత్ర్యం వచ్చే నాటికి గాని ఆ నిషేధం తొలగలేదు. ఒక విమర్శకుని అభిరుచి ఒక కావ్యాన్ని తరాల విద్యార్థులకు దూరం చేయగలదు, చేసింది.

1993లో స్త్రీవాద కవితల సంకలనం నీలిమేఘాలు, 1995లో దళిత కవితల సంకలనం చిక్కనవుతున్న పాట వచ్చాయి. ఆ తర్వాత పాఠ్యప్రణాళికలు ఈ గొంతులకు క్రమంగా తలుపు తీశాయి. ఇప్పుడు సైన్సు, కామర్సు విద్యార్థులు రెండో భాషగా చదివే జనరల్ తెలుగులో ప్రాచీన పద్యం, ఆధునిక కవిత, కథ ఒకే పుస్తకంలో ఉంటాయి. వారిలో చాలామందికి సాహిత్యంతో తరగతి గదిలో జరిగే చివరి పరిచయం అదే. స్పెషల్ తెలుగు తీసుకున్న కొద్దిమందే ఛందస్సు, అలంకారాలు, వ్యాకరణం, సాహిత్య చరిత్ర, విమర్శ విడివిడి పేపర్లుగా చదువుతారు.