జిహ్వకొక రుచి

“పుర్రెకొక బుద్ధి, జిహ్వకొక రుచి” అన్న సామెత తెలుగువారికి చిరపరిచితమైనదే. కాని భోజనపంక్తిలో కూర్చున్నప్పుడు మాత్రం మనం దానిని తరచుగా విస్మరిస్తూ ఉంటాం. పదిమందీ మెచ్చిన పదార్థాన్ని ఒకరు విస్తరి పక్కకు నెట్టివేస్తే, అది మొండితనమనో, పెంపకంలోని లోపమనో వెంటనే తీర్పు చెప్పివేస్తాం. ఆ తీర్పు ఎంతవరకు న్యాయమైనదో విజ్ఞానశాస్త్ర చరిత్ర కొంత చెప్పగలదు.

1931వ సంవత్సరం. అమెరికాలోని విల్మింగ్టన్ నగరంలో, డూపాంట్ సంస్థవారి ప్రయోగశాలలో ఆర్థర్ ఫాక్స్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు ఫినైల్ థయోకార్బమైడ్ అనే పొడిని సీసాలో పోస్తుండగా, కొంత ధూళి గాలిలోకి లేచినది. పక్కనున్న సహోద్యోగి నోల్లర్ తన నోరంతా చేదైపోయినదని అన్నాడు. ఆ పొడికి మరింత చేరువలో నిలిచిన ఫాక్స్‌కు ఏ రుచీ తెలియలేదు. ఇద్దరూ వాదించుకొన్నారు; పొడిని నాలుకపై వేసుకొని మరీ చూచినారు. ఒకరికి అది దుర్భరమైన చేదు, మరొకరికి సుద్దపొడి! ఫాక్స్ మరి అనేకులను పరీక్షించగా, వయసుతోగాని, స్త్రీపురుష భేదంతోగాని సంబంధం లేకుండా ఇదే తేడా కనిపించినది.

అనతికాలంలోనే ఈ భేదం వంశపారంపర్యంగా వచ్చేదని తేలినది. 1939లో ఎడింబరో నగరంలో జన్యుశాస్త్ర మహాసభ జరిగిన సమయాన, ఫిషర్, ఫోర్డ్, హక్స్‌లీ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞులు అక్కడి జంతుప్రదర్శనశాలలోని చింపాంజీలకు ఈ పదార్థం కలిపిన తీపినీళ్లు ఇచ్చి చూచినారు. కొన్ని సంతోషంగా త్రాగినవి, కొన్ని ఉమ్మివేసినవి. కారణమైన జన్యువు 2003లో, అమెరికాలో డెన్నిస్ డ్రేనా బృందం కృషివలన బయటపడినది.

ఫాక్స్ పొడిని మనమెవ్వరమూ భుజించము. కాని రసాయన నిర్మాణంలో దానికి దగ్గరి చుట్టాలైన పదార్థాలు క్యాబేజీ, ఆవాల వంటి ఒకే కుటుంబపు మొక్కలలో ఉన్నవి. అందుచేత ఒకే క్యాబేజీ కూర ఇద్దరి నోట రెండు విధాలుగా పలుకవచ్చును. అట్లని కాకరకాయ గిట్టనివారందరికీ ఈ ఒక్క జన్యువే కారణమనరాదు. చేదును గుర్తించే గ్రాహకాలు మన నాలుకపై సుమారు ఇరవై అయిదు రకాలున్నవి.

ఇక కొత్తిమీర సంగతి. మనకు చారులో ఘుమఘుమలాడే ఈ ఆకును, 1597లో తన మూలికాగ్రంథాన్ని వెలువరించిన ఆంగ్లేయుడు జాన్ గెరార్డ్ మిక్కిలి దుర్వాసన గల మొక్కగా వర్ణించినాడు. నేటికీ కొందరికి అది సబ్బునో, నల్లినో తలపిస్తుంది. ఈ పోలిక వట్టి ఊహ కాదు. కొత్తిమీర వాసనకు మూలమైన ఆల్డిహైడ్ల వంటివే కొన్ని పురుగులలోనూ ఉన్నవి. ఈ అయిష్టానికి ఘ్రాణజన్యువులతో సంబంధమున్నదని 2012లో ఒక పరిశోధన తెలిపినది. అయితే వంశపారంపర్యపు పాలు స్వల్పమేనని కూడా అదే పరిశోధన చెప్పినది. అదే సంవత్సరం కెనడాలోని టొరాంటోలో యువజనులను విచారించగా, ఐరోపా సంతతివారిలో నూటికి 17మంది, దక్షిణాసియా సంతతివారిలో నూటికి 7గురు కొత్తిమీర ఇష్టం లేదన్నారు. చిన్ననాటినుండి అలవడిన వంట ప్రభావం కొంత ఉండవచ్చునని ఈ అంకెలు సూచిస్తున్నవి. అలవాటు ఎంత బలమైనదైనా, నూటికి ఆ ఏడుగురు మిగిలే ఉన్నారన్నది కూడా గమనింపదగినదే.

కాఫీ విషయం మరీ విచిత్రం. 2018లో వెలువడిన ఒక పరిశోధనలో, కెఫీన్ చేదును అధికంగా గుర్తించే స్వభావంతో పుట్టినవారే కాఫీని మరింత ఎక్కువగా త్రాగుతున్నట్లు తేలినది! చేదు తెలిసినంత మాత్రాన అయిష్టం కలగవలెనని లేదన్నమాట.

కనుక రుచి అనేది కేవలం పుట్టుకా కాదు, కేవలం అలవాటూ కాదు; రెండింటి కలయిక. వద్దన్న పదార్థాన్ని మరొకనాడు మరొక విధంగా వండి, కొద్దిగా వడ్డించి చూడవచ్చును. తప్పు లేదు. కాని నోరు నొక్కి ముద్ద పెట్టే ముందు ఒక్కమాట తలచుకొందాం. ఫాక్స్, నోల్లర్‌లలో అబద్ధమాడినవారు ఎవరూ లేరు. ఒకరి నాలుకకు తెలిసినది మరొకరికి తెలియలేదు, అంతే. పసిబిడ్డ “చేదుగా ఉన్నదమ్మా” అన్నప్పుడు, ఆ బిడ్డ తన నాలుకకు తెలిసిన నిజమే చెప్తూ ఉండవచ్చును.